స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం కాదు

సంపాదకులకు నమస్కారం.

శిక్షణ విమానం ఎక్కడ కూలినా మర్నాటి వార్త దాదాపు ఒకే అచ్చులోంచి వస్తుంది. "సాంకేతిక లోపంతో కుప్పకూలింది." "ఇంజన్ స్టాల్ కావడంతో అదుపు తప్పింది." "బ్లాక్ బాక్స్ కోసం గాలిస్తున్నారు." మొదటి మాటకి ఆ రోజుకి ఆధారమేమీ ఉండదు. మూడో మాటలోని పెట్టె ఆ విమానంలో అసలు లేకపోవచ్చు. రెండోది శుద్ధ తప్పు. విమానాల వాళ్ల భాషలో స్టాల్ అయ్యేది రెక్క. ఇంజన్‌తో దానికి నేరుగా సంబంధం లేదు. ఈ ఒక్క మాట దగ్గర పొరబడితే ప్రమాదం మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. పైలట్ కోర్సులో చేరబోయే పిల్లలూ, వాళ్ల ఫీజులు కట్టే తల్లిదండ్రులూ మీ పాఠకుల్లో ఉంటారు కాబట్టి కాస్త పొడుగైనా ఈ ఉత్తరం రాస్తున్నాం.

క్లచ్ తేడాగా వదిలితే కారు ఇంజన్ ఆగిపోతుంది. దాన్నీ స్టాల్ అనే అంటారు, గందరగోళం అక్కణ్నించే వచ్చింది. రెక్క సంగతి వేరు. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య కోణం పెరిగేకొద్దీ రెక్క మోయగల బరువు పెరుగుతుంది. ఆ కోణం సుమారు 15 నుంచి 18 డిగ్రీలు దాటగానే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి చెదిరిపోతుంది, మోసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. ఇంజన్ నిండు శక్తితో హోరెత్తుతున్నప్పుడు కూడా ఇది జరుగుతుంది. ఇంజన్ పూర్తిగా ఆగిపోయినా, ముక్కు దించి వేగం నిలుపుకుంటే జరగదు. ఇంజనే లేని గ్లైడర్లు గంటల తరబడి ఎగురుతున్నాయి కదా.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా తయారైన విమానం సెస్నా 172. 1956 నుంచి 44 వేలకు పైగా కట్టారు, ఫ్లయింగ్ స్కూళ్లలో తరచూ కనిపించేదీ అదే. అందులో 172ఎస్ మోడల్ నిండు బరువుతో, ఫ్లాప్‌లు (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) వేయకుండా, తిన్నగా ఎగురుతున్నప్పుడు స్టాల్ అయ్యే వేగం 48 నాట్లు, అంటే గంటకి 89 కిలోమీటర్లు. స్టూడెంట్లు ఈ అంకెని బట్టీ పడతారు. అది తిన్నగా ఎగిరేటప్పటి అంకె అన్న సంగతి మాత్రం అంత బాగా గుర్తుండదు. విమానాన్ని ఒక పక్కకి 45 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గనివ్వకుండా తిప్పితే ఆ 48 కాస్తా 57 అవుతుంది. 60 డిగ్రీలు వాలిస్తే 68. దిగడానికి వచ్చేటప్పుడు పట్టే వేగం 65 నాట్ల దరిదాపుల్లో ఉంటుంది. మిగతా లెక్క పాఠకులే వేసుకోవచ్చు.

స్టాల్ రాబోతోందని ముందే హెచ్చరిక వస్తుంది. సెస్నా 172లో ఎడమ రెక్క ముందు అంచున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దానికి కరెంటుతో పని లేదు. కోణం పెరిగినప్పుడు అక్కడి గాలి పీడనం తగ్గి, లోపలి పీక బూరలా కూత పెడుతుంది. స్టాల్‌కి 5 నుంచి 10 నాట్ల ముందే ఇది మొదలవుతుంది. ఆ రంధ్రాన్ని పురుగు గూడో, తుడవని మట్టో మూసేస్తే కూత రాదు. అందుకే ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు రంధ్రం మీద శుభ్రమైన చేతిరుమాలు వేసి నోటితో గాలి పీల్చి చూడమని తయారీదారు మాన్యువల్‌లోనే ఉంది. చూసేవాళ్లకి నవ్వొచ్చే దృశ్యమే. నవ్వుతారని మానేసేవాళ్లు కొందరు ఉన్నారు.

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఎక్కడంటే, రన్‌వేకి తిరిగే ఆఖరి మలుపులో. దిగడానికి ముందు రన్‌వే పక్కన దీర్ఘచతురస్రంలా చుట్టే దారిని సర్క్యూట్ అంటారు. అందులో బేస్ అనే అడ్డ భుజం నుంచి ఫైనల్ అనే నిలువు దారికి తిరిగే చోట విమానం నేలకి 400, 500 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. బేస్ మీద గాలి వెనక నుంచి తోస్తుంటే రన్‌వే గీత అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది, విమానం గీత దాటి అవతలికి పోతుంది. ఇక్కడ చేయాల్సింది తేలిక. ఇంజన్ శక్తి పెంచి, పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావడం. ఆ చుట్టుకి ఐదారు నిమిషాలు పడుతుంది. స్టూడెంట్ మనసులో మాత్రం రన్‌వే మీదికి ఎలాగైనా తిప్పేయాలని ఉంటుంది.

అలా తిప్పేయడంలో చెయ్యీ కాలూ ఏం చేస్తాయో వరసగా చెబుతాం. నేల దగ్గర 30 డిగ్రీలకు మించి వాల్చకూడదని నేర్పి ఉంటారు, కాబట్టి చెయ్యి ఇంకా వాల్చదు. బదులుగా కాలు మలుపు లోపలి వైపు రడ్డర్ (తోకలోని నిలువు చుక్కాని) పెడల్ తొక్కుతుంది, ముక్కుని రన్‌వే వైపు ఈడ్చడానికి. ముక్కు అలా జరిగేసరికి బయటి రెక్క వేగం అందుకుని పైకి లేస్తుంది, విమానం తనంతట తానే ఇంకా వాలుతుంది. ఆ వాలు ఆపడానికి చెయ్యి యోక్‌ని, అంటే స్టీరింగ్ లాంటి పిడిని, ఎదురు దిక్కుకి తిప్పుతుంది. ఈలోగా ముక్కు కిందికి జారుతుంది, నేల దగ్గరగా కనిపిస్తుంది, చెయ్యి యోక్‌ని వెనక్కి లాగుతుంది. ఇప్పుడు కాలు లోపలికి, చెయ్యి బయటికి, యోక్ వెనక్కి. ఇలా అడ్డదిడ్డంగా ఉన్న స్థితిలో స్టాల్ వస్తే లోపలి రెక్క ముందు పడిపోతుంది, విమానం మలుపు లోపలికే తిరగబడి సుడి తిరగడం మొదలుపెడుతుంది. స్పిన్ అంటే ఇదే. స్టూడెంట్ చేసిన ప్రతి పనికీ విడివిడిగా చూస్తే ఒక కారణం ఉంది. అన్నీ ఒకేసారి చేయడమే ముప్పు. ఇది కనిపెట్టే పరికరం డాష్‌బోర్డు మీదే ఉంటుంది, గాజుగొట్టంలో ఒక నల్ల బంతి. అది మధ్యలోంచి ఎటు జరిగితే ఆ వైపు పెడల్ తొక్కాలి. ఆఖరి మలుపులో చూపంతా కిటికీలోంచి రన్‌వే మీదే ఉంటుంది కనక ఆ బంతిని చూసేవాళ్లు తక్కువ.

స్పిన్‌లో చిన్న శిక్షణ విమానం ఒక్కో చుట్టుకి సుమారు మూడు సెకన్లు తీసుకుంటూ దాదాపు 500 అడుగులు కోల్పోతుంది. ఒక్క చుట్టు తిరిగి, సరిగ్గా తేరుకుని, మళ్లీ తిన్నగా ఎగరడానికి 1000 అడుగులు పోవచ్చని సెస్నా మాన్యువల్ చెబుతుంది. మలుపు జరిగింది 500 అడుగుల దగ్గర. కాబట్టి "పైలట్ చివరి క్షణం దాకా విమానాన్ని నిలబెట్టడానికి పోరాడాడు" అని రాసినా రాయకపోయినా ఫలితంలో తేడా ఉండదు. తేరుకోవడం ఎలాగో మానవజాతికి తెలియక కాదు. 1912 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానం మీద విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ లెఫ్టినెంట్, ఆవ్రో విమానం సుడిలో పడిపోతుండగా, నేల దగ్గరపడిన దశలో పెడల్‌ని సుడికి ఎదురుగా తొక్కి బయటపడ్డాడు. చూసినవాళ్లు చాలామంది ఉండటంతో ఆ చిట్కా చర్చకొచ్చింది. 1917లో గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్ బారీ పెట్టిన స్కూల్లో రెండు జతల కంట్రోళ్లున్న విమానాల్లో కావాలనే స్పిన్‌లోకి దింపి, మాట్లాడే గొట్టంలోంచి చెబుతూ బయటికి తీయించడం నేర్పారు. ఇవాళ్టి పద్ధతి కూడా అదే వంశం. థ్రాటిల్ (ఇంజన్ శక్తి మీట) పూర్తిగా మూసేయాలి, యోక్‌ని పక్కలకి తిప్పకుండా మధ్యలో ఉంచాలి, సుడికి ఎదురు పెడల్ ఆఖరిదాకా తొక్కాలి, ఆపైన యోక్‌ని ముందుకి నెట్టాలి, సుడి ఆగగానే పెడల్ వదిలి మెల్లగా పైకి తేల్చాలి. సహజంగా చెయ్యి చేసే పని మాత్రం పడిపోతున్న రెక్కని లేపడానికి యోక్‌ని అటుపక్కకి తిప్పడం, అది సుడిని ఇంకా బిగిస్తుంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి స్పిన్ సాధన తప్పనిసరి కాదని 1949లోనే తీసేశారు, ఇన్‌స్ట్రక్టర్ కాబోయేవాళ్లకి మాత్రమే ఉంచారు. స్పిన్‌లోకి పోకుండా నేర్పడమే మేలని ఆ వాదన. దాని మీద మాలోమాకే ఏకాభిప్రాయం లేదు, ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. సెస్నా 172లో స్పిన్ సాధన వెనక సీటు ఖాళీగా, ఫ్లాప్‌లు మూసి, తగ్గించిన బరువులోనే చేయాలి. వెనక సీట్లో ఇంకో స్టూడెంట్‌ని చూడ్డానికి కూర్చోబెట్టి చేసేది కాదు.

ఇక ఇంజన్ నిజంగానే ఆగిపోయిన సందర్భం. "టేకాఫ్ అయిన వెంటనే ఇంజన్ ఆగిపోయింది, తిరిగి రన్‌వేకి రావడానికి ప్రయత్నిస్తూ కూలింది" అన్న వార్త చదివినప్పుడు అందరి చూపూ మొదటి సగం మీదే పడుతుంది. ప్రాణం తీసింది రెండో సగం. లెక్క చూద్దాం. 70 నాట్ల వేగంతో 45 డిగ్రీలు వాల్చి తిరిగితే మలుపు వ్యాసం సుమారు 260 మీటర్లు. అంటే సగం చుట్టు, 180 డిగ్రీలు తిరిగేసరికి విమానం రన్‌వేకి సమాంతరంగా, 260 మీటర్లు పక్కన ఉంటుంది. రన్‌వే మీదికి రావాలంటే ఇంకా 40 డిగ్రీలు అటు తిరిగి, మళ్లీ 40 డిగ్రీలు ఇటు తిప్పుకోవాలి. మొత్తం 260 డిగ్రీలు. సెకనుకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 17 సెకన్లు. అంత వాలుతో గ్లైడ్ అవుతున్నప్పుడు, అంటే ఇంజన్ శక్తి లేకుండా కిందికి జారుతున్నప్పుడు, సెకనుకి సుమారు 20 అడుగులు పడిపోతుంది, అంటే 340 అడుగులు. దీనికి ముందు ఇంజన్ ఆగిందని మెదడు ఒప్పుకోవడానికే నాలుగు సెకన్లు పోతాయి. ఆ నాలుగు సెకన్లూ ముక్కు ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి వేగం జారిపోతూనే ఉంటుంది. పోనీ భయపడి 30 డిగ్రీలే వాలిస్తే? మలుపు వ్యాసం 460 మీటర్లు అవుతుంది, సెకనుకి 9 డిగ్రీలే తిరుగుతుంది, సమయం 29 సెకన్లకి పెరుగుతుంది. గాలి లేని రోజున, చెయ్యి ఏమాత్రం తడబడని పైలట్‌కి వచ్చే లెక్క ఇది.

ఇందులో ఇంకో మాయ ఉంది. టేకాఫ్ ఎప్పుడూ ఎదురుగాలిలోకే. వెనక్కి తిరిగితే అది తోసే గాలి అవుతుంది. నేల మీద చెట్లూ పొలాలూ గబగబా వెనక్కి పోతుంటాయి, వేగం చాలినంత ఉందన్న భ్రమ కలుగుతుంది, చెయ్యి యోక్‌ని ఇంకాస్త లాగుతుంది. రెక్కకి నేల సంగతి తెలియదు, దానికి తగిలే గాలే లెక్క. అదృష్టం బాగుండి రన్‌వే అందినా సరే, 15 నాట్ల గాలి ఉన్న రోజున ఎదురుగాలిలో నేల మీద 35 నాట్లతో తాకాల్సిన విమానం, తోసే గాలిలో 65 నాట్లతో తాకుతుంది. తాకిడి శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనక దాదాపు మూడున్నర రెట్లు.

అందుకే ఇంజన్ ఆగితే ముక్కు దించి, గ్లైడ్ వేగం పట్టి, ఎదురుగా కనిపించే చోట్లో, అటూ ఇటూ 30 డిగ్రీలకు మించకుండా, రెక్కలు సమంగా ఉంచి దిగమని నేర్పుతారు. 172ఎస్‌కి గ్లైడ్ వేగం 68 నాట్లు. ఎదురుగా ఉన్నది చేనో, పొదలో, కంచో అయినా సరే. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో తాకిన విమానం మూడు మీటర్లకి కొంచెం తక్కువ దూరంలో సమంగా ఆగితే లోపలివాళ్ల మీద పడేది సుమారు 9 రెట్ల గురుత్వ బలం, బెల్టులూ సీట్లూ దాన్ని తట్టుకునేలా కట్టినవే. రెక్కలూ చక్రాలూ విరగనివ్వండి, వాటికి బీమా ఉంటుంది. భుజం మీది బెల్టు మాత్రం బిగించి ఉండాలి, నడుం బెల్టు ఒక్కటే ఉంటే తల డాష్‌బోర్డుకి తగులుతుంది. వెనక్కి తిరగడం ఏ ఎత్తు నుంచి సాధ్యమో ఆ విమానంలో, ఆ బరువులో, పైన మూడు వేల అడుగుల్లో ముందుగా సాధన చేసి చూసుకున్న అంకె ఉండాలి. టేకాఫ్ రోల్ మొదలుకాక ముందే "ఈ ఎత్తుకి లోపల ఆగితే ఎదురుగానే" అని బయటికి చెప్పుకోవాలి. చెప్పుకోని రోజున చెయ్యి తిరుగుతుంది. ఇంజన్ పూర్తిగా ఆగకుండా సగం శక్తితో కొట్టుకుంటున్నప్పుడు తిరుగుదామన్న ఆశ ఇంకా ఎక్కువ, ముప్పూ అందుకు తగ్గట్టే.

ఇంజన్ ఎందుకు ఆగుతుంది? విరిగిన పిస్టన్ల వల్ల ఆగేవి లేకపోలేదు. అయితే పాఠకులు అనుకోనంత తరచుగా కారణం పెట్రోలే. ట్యాంకులో లేకపోవడం, ఉన్నా ఇంజన్‌కి అందకపోవడం, నీళ్లు కలవడం. రెక్క పైన ఉండే సెస్నాలో రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి వచ్చే ఏర్పాటు ఉంది. రెక్క కింద ఉండే పైపర్ విమానాల్లో ఎడమో కుడో ఒకటే ఎంచుకోవాలి, కాబట్టి ఒక ట్యాంకు ఎండిపోయి, రెండోది నిండుగా ఉండగానే విమానం పొలంలో దిగిన సందర్భాలు ఉన్నాయి. వాన పడ్డ రాత్రి తర్వాత మూత రబ్బరు వాషరు పగిలి ఉంటే ట్యాంకులోకి నీళ్లు చేరతాయి. బరువు ఎక్కువ కనక అడుగున ఉంటాయి. 172ఎస్‌లో వాటిని తీసి చూడటానికి 13 చోట్ల డ్రెయిన్లు ఉన్నాయి. పదమూడూ చూడాలి. పట్టిన గాజుకప్పు అడుగున బుడగలా కనిపించేది నీరు. కప్పంతా నీరే అయితే గీత ఏదీ కనిపించదు, "శుభ్రంగా ఉంది" అనిపిస్తుంది. అందుకే రంగు కూడా చూడాలి. ఈ ఇంజన్లలో ఎక్కువగా వాడే 100ఎల్ఎల్ పెట్రోలు నీలంగా ఉంటుంది. పొరపాటున జెట్ ఇంధనం పోస్తే అది నీళ్లలా, లేదా లేత గడ్డి రంగులో ఉంటుంది, తెల్ల కాగితం మీద చుక్క వేస్తే పెట్రోలు ఆరిపోతుంది, జెట్ ఇంధనం జిడ్డు మరక మిగులుస్తుంది. మీటరు ముల్లుని నమ్మకుండా ట్యాంకులో కొలపుల్ల ముంచి చూడాలి.

గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లకి, అంటే సెస్నా 152, పాత 172ల లాంటివాటికి, ఇంకో గండం. ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోతూ, పెట్రోలు ఆవిరవుతూ ఉండటం వల్ల లోపల ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది. బయట 20, 25 డిగ్రీల ఉక్కపోతలో కూడా లోపల మంచు కడుతుంది. దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి అప్పుడు ఎక్కువ. గుర్తు ఏమిటంటే చెయ్యి తగలకుండానే ఇంజన్ తిరుగుడు మెల్లమెల్లగా తగ్గడం. వేడి గాలి మీట లాగితే మంచు కరిగి ఆ నీరు ఇంజన్‌లోకి పోతుంది, కొన్ని సెకన్లు ఇంజన్ దగ్గుతుంది, తిరుగుడు ఇంకా పడిపోతుంది. ఇక్కడే స్టూడెంట్ కంగారుపడి మీట మళ్లీ మూసేస్తారు. మూయకూడదు, దగ్గు తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత విచారణ బృందం వచ్చేసరికి మంచు ఉండదు, ఇంజన్‌లో ఏ లోపమూ దొరకదు, పత్రికలో "అంతుచిక్కని సాంకేతిక లోపం" మిగులుతుంది.

శిక్షణ విమానంలో ఇద్దరు ఉంటారు, రెండు జతల కంట్రోళ్లు ఉంటాయి. అది రక్షణే, ప్రమాదం కూడా. స్టూడెంట్ నడుపుతున్నారని ఇన్‌స్ట్రక్టర్, ఇన్‌స్ట్రక్టర్ అందుకున్నారని స్టూడెంట్ అనుకుంటే ఆ కొద్ది సెకన్లు ఎవరూ నడపడం లేదన్నమాట. అందుకే చేతులు మార్చేటప్పుడు మూడు మాటల పద్ధతి పెట్టారు. ఒకరు "యూ హావ్ కంట్రోల్" అంటారు, రెండోవారు "ఐ హావ్ కంట్రోల్" అంటారు, మొదటివారు మళ్లీ "యూ హావ్ కంట్రోల్" అని ఖాయం చేసి చేతులు తీస్తారు. వందసార్లు అన్నాక విసుగొచ్చి తల ఊపుడుకి దిగిపోతుంది. భయంతో బిగుసుకుపోయిన స్టూడెంట్ యోక్‌ని కౌగిలించుకుంటే పక్కనున్నవారు బలంతో విడిపించడం తేలిక కాదు. ఇన్‌స్ట్రక్టర్ తప్పు సాధారణంగా ఆలస్యం. నేర్చుకోనివ్వాలి కాబట్టి ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆగుతారు. 3000 అడుగుల్లో ఆ ఓపిక మంచి గురువు లక్షణం, 300 అడుగుల్లో కాదు.

ఇంజన్ ఆగినట్టు నటించే సాధనలోనూ ఇదే. థ్రాటిల్ మెల్లగా మూసి చేయాలి. మిక్స్‌చర్ మీటతో (పెట్రోలు, గాలి పాళ్లు మార్చేది) గానీ పెట్రోలు మీటతో గానీ నిజంగానే ఆపి "ఇప్పుడేం చేస్తావ్" అని అడిగే పాతకాలపు అలవాటు కొందరికి ఇంకా ఉంది. మళ్లీ అంటుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పొడుగాటి గ్లైడ్‌లో చల్లబడిన ఇంజన్‌ని మధ్యమధ్యలో కాస్త శక్తి ఇచ్చి వెచ్చబెట్టకపోతే కింద థ్రాటిల్ తెరిచినప్పుడు తడబడుతుంది, నటన నిజమవుతుంది.

తాకి లేచే సాధనలో, అంటే టచ్ అండ్ గోల్లో, జరిగేది మరో రకం. దిగేటప్పుడు ఫ్లాప్‌లు పూర్తిగా వేసి, ముక్కు పైకి ఉండేలా ట్రిమ్ చక్రం (యోక్‌ని పట్టుకునే శ్రమ తగ్గించేది) తిప్పి ఉంటారు. ఒక్కసారిగా థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ముక్కు జివ్వున లేస్తుంది, ప్రొపెల్లర్ ప్రభావంతో ఎడమకి లాగుతుంది. యోక్‌ని గట్టిగా ముందుకి నెట్టి, కుడి పెడల్ తొక్కకపోతే నేలకి 50 అడుగుల్లో స్టాల్. సెస్నాలో వరస ఇది. నిండు శక్తి, కార్బ్యురేటర్ ఉంటే వేడి గాలి మూయడం, ముక్కుని పట్టి ఆపడం, ఫ్లాప్‌లు వెంటనే 20 డిగ్రీలకి తేవడం, వేగం పుంజుకున్నాక మిగతావి అంచెలుగా. ఫ్లాప్‌లన్నీ ఒకేసారి మూసేస్తే విమానం కిందికి కుంగుతుంది. తొలి సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగిరే రోజున ఇంకో తేడా తోడవుతుంది. పక్క సీట్లోని 75, 80 కిలోలు దిగిపోయాయి కాబట్టి విమానం ముందే లేస్తుంది, త్వరగా ఎత్తుకెళుతుంది, దిగేటప్పుడు రన్‌వే మీద తేలుతూ పోతుంది. దాన్ని బలవంతంగా నేలకి నొక్కితే ముక్కు చక్రం ముందు తగిలి ఎగిరి పడుతుంది. మూడో గెంతుకి ముక్కు చక్రం విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. మొదటి గెంతుకే లేచి వెళ్లిపోవాలి.

అలాంటి దిగుడు తర్వాత విమానం మామూలుగానే నడిచి షెడ్డుకి చేరవచ్చు. స్టూడెంట్ ఎవరికీ చెప్పకపోవచ్చు. 172లో ముక్కు చక్రం దెబ్బ ఇంజన్ వెనక ఉండే ఫైర్‌వాల్ రేకుకి చేరుతుంది, దాని మీద పడ్డ ముడతలు ఇంజన్ కవరు విప్పితే గానీ కనిపించవు. ప్రొపెల్లర్ అంచు నేలని గీరినా, ఇంజన్ ఆగకపోయినా, ఇంజన్ విప్పి లోపలి క్రాంక్‌షాఫ్ట్ చూడాల్సిందే. దెబ్బని దాచిన స్టూడెంట్‌ని తిట్టే స్కూల్లో ఎవరూ చెప్పరు, నష్టం తర్వాత ఎక్కినవాళ్లది.

బరువు సంగతి క్లుప్తంగా. సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. ఖాళీ బరువు సుమారు 520, వాడదగ్గ నిండు పెట్రోలు 93 లీటర్లు, అంటే 67 కిలోలు. మిగిలేది 170. ఇద్దరూ చెరి 85 కిలోలుంటే బ్యాగు పెట్టడానికి కూడా చోటు లేదు. వేడికి దీన్ని కలపండి. 2000 అడుగుల ఎత్తున్న రన్‌వే మీద 38 డిగ్రీల ఎండ ఉంటే గాలి పలచబడి, 5200 అడుగుల ఎత్తులో ఉన్నట్టే విమానం ప్రవర్తిస్తుంది. పొద్దున్న సాఫీగా లేచిన అదే విమానం మధ్యాహ్నం చివర చెట్లని అందుకోలేకపోవడంలో వింతేమీ లేదు.

సీటు గురించి కూడా చెప్పి తీరాలి. సెస్నా సీట్లు పట్టాల మీద జరుగుతాయి. పట్టాల రంధ్రాలు అరిగినా, పిన్ను సరిగా కూర్చోకపోయినా టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది, చేతిలోని యోక్ దాంతోపాటే వెనక్కి వస్తుంది, ముక్కు నిటారుగా లేస్తుంది. ఈ పట్టాలని నియమిత కాలాల్లో కొలిచి చూడాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1987లో ఆదేశం ఇచ్చింది. పైలట్ వైపు చేయాల్సింది చిన్నదే. కూర్చున్నాక ముందుకీ వెనక్కీ గట్టిగా ఊగి చూసుకోవడం.

ప్రమాదం జరిగాక విలేకరులూ ఊరివాళ్లూ ముందు చేరతారు కాబట్టి వాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రొపెల్లర్‌ని తాకకండి. బ్యాటరీ తెగినా, ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో తాళం ఆఫ్‌లో లేకపోతే, బ్లేడుని కదిపితే ఇంజన్ ఒక్క తన్ను తన్నవచ్చు, చెయ్యి పోతుంది. రెక్కల్లో పెట్రోలు ఉంటుంది, సిగరెట్లూ వంట మంటలూ దూరంగా. సిరస్ లాంటి కొన్ని విమానాల్లో మొత్తం విమానాన్ని మోసే పారాచూట్ ఉంటుంది. దాన్ని విసిరే రాకెట్ పేలకుండా మిగిలి ఉంటే దాని మూత ఎదురుగా నిలబడకూడదు. గాయపడ్డవాళ్లని తీయడం ముఖ్యం, దానికోసం ఏది కోయాల్సి వచ్చినా కోయండి. అది తప్ప మీటలు కదపకండి, ముక్కలు ఏరకండి. కోయడానికి ముందు ఒక ఫొటో తీయగలిగితే విచారణకి అది బంగారం.

ఎందుకంటే బ్లాక్ బాక్స్ తప్పనిసరి అన్న నిబంధనలు ఎక్కువగా 5700 కిలోలకు పైబడిన విమానాలకి. 172ఎస్ గరిష్ఠ బరువు 1157 కిలోలు. అందులో ఆ నారింజ పెట్టె ఉండదు. కొత్తవాటిలో పరికరాల డిజిటల్ తెరల్లో ఒక మెమరీ కార్డు ఉంటుంది, అది పెట్టి ఉంటే వేగం, ఎత్తు, వాలు, ఇంజన్ తిరుగుడు అందులో దొరుకుతాయి. పాతవాటిలో శిథిలాలే మాట్లాడాలి. బ్లేడులు మెలితిరిగి, ముందు వైపు అడ్డంగా గీతలు పడి ఉంటే తాకేటప్పుడు ఇంజన్ శక్తితో తిరుగుతోందని అర్థం. ఒక బ్లేడు నిటారుగా ఉండి, రెండోది వెనక్కి మాత్రమే వంగి ఉంటే ఇంజన్‌కి శక్తి లేదని అనుమానించాలి. మీ ఫొటోగ్రాఫర్ తీసే చిత్రాల్లో మేం ముందు వెతికేది అదే. శిథిలాలు పొలమంతా చెల్లాచెదురైతే ఒక కథ, ఒకే చోట ముద్దగా, ముందు నేల మీద ఈడ్చిన గీతలేవీ లేకుండా ఉంటే మరో కథ. రెండోది చాలాసార్లు స్పిన్.

దేశాల మధ్య పౌర విమానయానం మీద 1944లో కుదిరిన షికాగో ఒప్పందానికి 13వ అనుబంధం ఒకటి ఉంది. ప్రమాద విచారణ లక్ష్యం మళ్లీ జరగకుండా చూడటమేననీ, తప్పు ఎవరిదో తేల్చడం కాదనీ అందులో స్పష్టంగా రాసి ఉంది. ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలని కూడా ఉంది.

కాబట్టి మీ పత్రికని కోరేది రెండు. మొదటి రోజు వార్తలో కారణం రాయకండి. బదులుగా ఇవి అడిగి రాయండి. విమానం ఏ మోడల్? ఎగిరే దశ ఏది, టేకాఫా, ఆఖరి మలుపా, తాకి లేచే సాధనా? నేలకి ఎంత ఎత్తులో? గాలి ఎటు నుంచి, ఎంత? లోపల ఇద్దరా, ఒక్కరా? సోలో అయితే అది ఎన్నో సోలో? చూసినవాళ్లకి ఇంజన్ చప్పుడు చివరిదాకా వినిపించిందా? ఈ ఏడింటికి జవాబులు వేస్తే ఏ స్కూల్లోనైనా మర్నాడు ఆ క్లిప్పింగ్ బోర్డు మీద పెట్టి పాఠం చెప్పవచ్చు. రెండోది, ఏడాది తర్వాత తుది నివేదిక వచ్చిన రోజున దాన్ని లోపలి పేజీ మూలకి తోయకుండా, కూలిన రోజు వార్తకి ఇచ్చినంత చోటే ఇవ్వండి.

ఇట్లు,
శిక్షణ విమానాలు నడపడం నేర్పేవాళ్లం, వాటికి మరమ్మతులు చేసేవాళ్లం కొందరం